నాలుగు రోజుల్లో శ్రీకాకుళం తీరం: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

మీరు అడిగింది ఇదీ: విశాఖ నుంచి సొంత కారులో జనవరిలో నాలుగు రోజులు, వెంట అరవై ఎనిమిదేళ్ల అమ్మగారు, ఇద్దరు పిల్లలు. రణస్థలంలో మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా శ్రీకాకుళం జిల్లా బీచ్‌లన్నీ వరసగా చూసుకుంటూ పోవాలని, రోజుకు ఐదారు చొప్పున లిస్టు రాసుకున్నారు. ఈ ప్లాన్ నడుస్తుందా అన్నారు.

నడవదండీ. నడిచినా మీకు గుర్తుండేది నేషనల్ హైవే ఒక్కటే.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇరవై రెండేళ్లు నేను ఈ తీరంలో వలలు, నైలాన్ తాళ్లు, బెండ్లు అమ్మాను. మా జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం, గార, పోలాకి, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం... ఈ పదకొండు మండలాల్లోనూ నా బండి దిగని పేట తక్కువే. మ్యాపులో చూస్తే ఊళ్లన్నీ సముద్రం పక్కన పూసలు గుచ్చినట్టు కనిపిస్తాయి. ఆ పూసల్లోంచి దారం మాత్రం పోదు. ఒడ్డు వెంబడి మొదటి నుంచి చివరిదాకా రోడ్డు లేదు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు సముద్రంలో కలిసే మొగలు, వాటి మధ్య లెక్కలేనన్ని ఉప్పుటేర్లు అడ్డం వస్తాయి. చేప ముల్లు గుర్తు తెచ్చుకోండి. హైవే నడిమి వెన్నుముల్లు, దానిలోంచి ఒక్కో పేటకు ఒక్కో పక్కముల్లు. ఒక బీచ్ నుంచి పక్క బీచ్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల వెన్నుముల్లు దాకా వెనక్కి వచ్చి మళ్లీ దిగాల్సిందే. అవతలి ఒడ్డున మనిషి కనిపిస్తుంటాడు, అతని దగ్గరికి పోవడానికి గంట పడుతుంది.

అందుకని మూడే మూడు పక్కముళ్లు పెట్టుకోండి: కళింగపట్నం, నౌపడ, బారువ. మొదటి రెండు రాత్రులు శ్రీకాకుళంలో, మూడోది పలాసలో బస చేయండి. మిగతావి ఇంకోసారికి.

ముందు తేదీల సంగతి. సంక్రాంతి మూడు రోజులు వద్దు. ముఖ్యంగా కనుమ నాడు ప్రతి బీచ్‌లోనూ ట్రాక్టర్ల మీద జనం దిగుతారు, డీజే పెట్టెలతో సహా. ఆదివారం అరసవల్లి కూడా వద్దు, సూర్యుడి గుడికి ఆదివారం అంటే మీకు చెప్పక్కర్లేదు. రథసప్తమి దగ్గర్లో పడితే ఇక టౌన్లో లాడ్జి దొరకడమే కష్టం. మామూలు రోజున పొద్దున్నే వెళ్తే అమ్మగారు ప్రశాంతంగా దర్శనం చేసుకుంటారు. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చిలోనూ అక్టోబర్‌లోనూ కాబట్టి జనవరిలో దానికోసం ఎదురుచూడకండి.

మొదటి రోజు విశాఖ నుంచి నూట పది కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. దారిలో రణస్థలం, ఎచ్చెర్ల వైపు బీచ్‌ల కోసం దిగొద్దు. ఆ పేటల గురించి ఒక మాట తెలిసి ఉంటే చాలు. ఆగస్టు వస్తే అక్కడి మగవాళ్లు చాలామంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోతారు, అక్కడి బోట్ల మీద పనికి. బోటు నడిపించే పెద్దను తండేల్ అంటారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన మనవాళ్లు ఇరవై మంది పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడి 2020 జనవరిలో ఇంటికొచ్చారు. ఆ కథతో 'తండేల్' సినిమా వచ్చాక చాలామంది ఆ ఊళ్లకు ఫోటోల కోసం వెళ్తున్నారు. జనవరిలో వెళ్తే సగం ఇళ్లలో ఆడవాళ్లూ ముసలివాళ్లే ఉంటారు. వాళ్ల గుమ్మం ముందు సెల్ఫీ దిగడం నాకైతే నచ్చదు.

మధ్యాహ్నానికి శ్రీకాకుళం చేరి, భోంచేసి, ఎండ తగ్గాక శ్రీకూర్మం వెళ్లండి. టౌన్ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. విష్ణుమూర్తి కూర్మావతారంలో పూజలందుకునే గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే ధ్వజస్తంభాలు రెండు. పిల్లలకు గుడి ఆవరణలో తాబేళ్లు చూపించండి. మీరు మాత్రం మండపం స్తంభాల దగ్గర కాసేపు నిలబడండి. నల్లరాతి మీద తెలుగు శాసనాలు వేలుపెట్టి చదవొచ్చు. అన్నీ అర్థం కావు గానీ రెండు మూడు అక్షరాలు పట్టుకోగానే పెద్దమ్మాయి మిగతావి తనే వెతుక్కుంటుంది.

రెండో రోజే అసలు రోజు. తెల్లవారుజామున ఐదింటికి కారు తీయండి. గార మీదుగా కళింగపట్నం పాతిక ముప్ఫై కిలోమీటర్లు. మంచు ఉంటుంది, మెల్లగా పోనివ్వండి. తుపాను వార్తల్లో 'కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక' అని చిన్నప్పటి నుంచి వింటూ ఉంటాం కదా, ఆ కళింగపట్నమే ఇది. ఓడలు రావడం మానేసి ఎన్నో ఏళ్లయినా వార్తల్లో రేవు ఇంకా బతికే ఉంది. లైట్‌హౌస్ ఉంది, విశాలమైన ఇసుక ఉంది, వంశధార సముద్రంలో కలిసే మొగ ఉంది.

లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు తీసుకుని వెనక్కి రాకండి. ఒడ్డు వెంబడి మత్స్యకారుల పేట వైపు నడవండి. అదృష్టం ఉంటే అలివి వల లాగుతూ కనిపిస్తారు. చెబితే అర్థమయ్యేది కాదు, అయినా చెబుతాను. పడవ ఒకటి చీకటితోనే వెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంలో వల దించి వస్తుంది. వలకు రెండు వైపులా రెండు పొడవాటి తాళ్లు ఒడ్డుకు ఉంటాయి. ఒక్కో తాడుకు పదిహేను ఇరవై మంది. నడుముకు చిన్న తాడు బిగించి దాన్ని పెద్ద తాడుకు మెలేసి, వెనక్కి వాలి, అడుగు తర్వాత అడుగు వెనక్కే నడుస్తారు. చివరి మనిషి ఇసుక మెరక దాకా వెళ్లగానే ముడి విప్పుకుని మళ్లీ నీళ్ల అంచుకు పరుగెత్తి మొదటి మనిషవుతాడు. ఒక పిల్లాడు వెనక కూర్చుని తడి తాడును చుట్టలు చుడుతుంటాడు. గంటన్నర, రెండు గంటలు ఇదే. రెండు తాళ్ల మధ్య దూరం తగ్గుతున్నకొద్దీ కేకలు పెరుగుతాయి. చివర్లో వల సంచి నురగలోంచి పైకొచ్చేసరికి ఆడవాళ్లు గంపలతో సిద్ధంగా ఉంటారు. ఒక్కోసారి సంచినిండా నెత్తళ్లు, కవళ్లు. ఒక్కోసారి నాచు, రెండు పీతలు, ఇంకెవరో పారేసిన చెప్పు. రెండు రకాల రోజుల్లోనూ నేను డబ్బులు వసూలు చేసుకోవడానికి అక్కడే నిలబడి ఉండేవాణ్ని. రెండో రకం రోజున అడగకుండానే వచ్చేసేవాణ్ని.

ఎవరో ఒకాయన "బాబూ, ఊరికే సూడ్డమేనా, ఓ సెయ్యేస్తారేటి?" అంటాడు. అన్నాడంటే మొహమాటపడకుండా పట్టుకోండి, పిల్లల్నీ పట్టుకోనివ్వండి. చెప్పులు మాత్రం దూరంగా విడవాలి. పరిచిన వలను చెప్పులతో తొక్కడం వాళ్లకు అన్నం కంచాన్ని తొక్కినట్టే. చేపలు కొనాలంటే ఒడ్డున వేలం పాట అయ్యేదాకా ఆగి కొన్నవాళ్లను అడగండి. పాట మధ్యలో దూరి 'కిలో ఎంత' అంటే ఎవరూ పలకరు.

నీళ్ల సంగతి ఇక్కడే గట్టిగా చెప్పాలి. మోకాలి లోతు దాటొద్దు. మన తూర్పు తీరంలో అల విరిగే చోట ఇసుక ఒక్కసారిగా దిగిపోతుంది. మొగ దగ్గర అసలు దిగొద్దు, నది తోసే నీరూ సముద్రం తోసే నీరూ అక్కడ కలబడుతుంటాయి. ఈత వచ్చిన విద్యార్థులే ఏటా పోతున్నారు. మీకు కాపలా ఉండే లైఫ్‌గార్డు ఎక్కడో తప్ప దొరకడు. నా గొప్ప కూడా చెప్పుకోవాలి: 2006లో అడ్డదారి కదా అని మొగ పక్కన తడి ఇసుక మీద బండి నడిపాను. గట్టిగానే ఉంది, సిమెంటు రోడ్డులా ఉంది అనుకుంటుండగా ముందు చక్రం కూరుకుపోయింది. పోటు మొదలైంది. సైలెన్సర్‌లోకి నీళ్లు పోయేలోపు పేట నుంచి ఏడుగురు వచ్చి, అంతకుముందు నెలలో నేనే అప్పు మీద ఇచ్చిన తాడుతో కట్టి లాగారు. ఆ తాడు బాకీ నేను మళ్లీ అడగలేదు. కారును ఇసుక మీదికి తీసుకెళ్లొద్దని చెప్పడానికి ఇదంతా.

ఇంకొకటి. జనవరిలో ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్లు కనిపించవచ్చు. ఆలివ్ రిడ్లేలు. గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చి ట్రాలర్ల వలల్లో ఇరుక్కుంటాయి. తాబేలు ఊపిరి కోసం నీటి పైకి రావాలి కదా, వలలో గంటలకొద్దీ ఉండిపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. పిల్లలు అడుగుతారు. నిజమే చెప్పండి. నేను వలలమ్మిన మనిషిని, ఆ ప్రశ్న మా అబ్బాయి నన్నడిగినప్పుడు మూడు రోజులు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. గుడ్లు పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదిలే కేంద్రాలు ఈ తీరంలో ఉన్నాయి కానీ, పిల్లలు బయటికొచ్చేది ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా. మీకు ఈసారి అది కుదరదు.

ఎనిమిదిన్నరకల్లా కళింగపట్నం నుంచి తిరుగుముఖం పట్టి, ఎండ ముదరకముందే శాలిహుండం కొండ ఎక్కండి. ఐదారు కిలోమీటర్లే. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే కింద మ్యూజియం చూసి నీడన కూర్చోవచ్చు. తారా, మారీచి విగ్రహాలు అక్కడే ఉన్నాయి. మీరు మాత్రం పైకి వెళ్లాలి. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా బౌద్ధులున్న చోటు, ఇటుక స్తూపాలు, చైత్యాలు మెట్టుమెట్టుగా కొండ పొడవునా ఉంటాయి. 1919లో ఈ శిథిలాలను మొదట గుర్తించింది ఎవరో తెలుసా? మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. పుట్టింది కూడా ఇదే వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పై స్తూపం దగ్గర నిలబడితే వంశధార వంకర తిరిగి సముద్రంలోకి వెళ్లడం మొత్తం కనిపిస్తుంది. పొద్దున మీరు అడుగున నిలబడి చూసిన మొగే అది. బౌద్ధ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. రేవుకు వచ్చే ఓడ, నదిలో పైకి పోయే పడవ, రెండూ కనిపిస్తాయి, రెంటి గోలా వినపడదు.

మధ్యాహ్నం పడుకోండి. నిజంగానే అంటున్నాను. నాలుగింటికి లేచి ఓపికుంటే పొందూరు వెళ్లండి, అక్కడ ఖాదీ నేస్తారు. సముద్రానికి దూరమే అయినా చేపతో దానికి చుట్టరికం ఉంది. పత్తిని దువ్వడానికి వాడేది వాలుగ చేప దవడ ఎముక. సన్నటి పళ్ల వరస, దువ్వెన లాగా. అమ్మగారికి చీర కొంటే నేతపని వాళ్ల దగ్గర కూర్చుని ఆ దవడ చూపించమని అడగండి.

మూడో రోజు తీరిగ్గా బయల్దేరి హైవే మీద ఉత్తరానికి రండి. భావనపాడు బీచ్ మీ లిస్టులో ఉంది, తీసేయండి. ఒకప్పుడు మంచి చోటే. పక్కనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయ్యాక ఆ దారంతా రాళ్ల లారీలే. దానికి బదులు నౌపడ ఉప్పు మళ్లు చూడండి. అద్దం ముక్కలు పరిచినట్టు మళ్లు, గట్ల మీద తెల్లటి కుప్పలు. జనవరిలో పని అప్పుడే మొదలవుతుంటుంది. గోరుకొయ్యతో ఉప్పు లాగేవాళ్ల పాదాలు చూస్తే మనం కూర మీద చల్లుకునే చిటికెడు ఎక్కడి నుంచి వస్తోందో పిల్లలకు తెలుస్తుంది. గట్ల మీద నడిచే ముందు అక్కడున్న వాళ్లను అడగండి, మెత్తటి గట్టు విరిగితే వాళ్ల పది రోజుల పని పోతుంది.

అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం. ఊరి మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ చెబుతారు, పేపర్లూ రాస్తాయి. ఈ రెండు రకాలూ సైబీరియాలో ఉండవు, మన దక్షిణాసియా పక్షులే. నేనా మాట ఒకసారి అక్కడ టీ కొట్టులో అన్నాను. కొట్టాయన "మరైతే ఏటి, మా సుట్టాలేగా" అన్నాడు. ఊరివాళ్లకు అవి నిజంగానే చుట్టాలు. పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. చెట్టు కింద తెల్లటి రెట్ట, చేపల వాసన, పైన ముక్కుల టకటక. టోపీ పెట్టుకోండి, ఎందుకో మీకే తెలుస్తుంది. ఉదయం తొమ్మిది లోపు గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ పక్షులన్నీ చెట్ల మీద ఉంటాయి.

చీకటి పడేసరికి పలాస. పలాస, కాశీబుగ్గ రెండూ కలిసిపోయిన ఊళ్లు. జీడిపప్పు కొనేటప్పుడు రోడ్డు మీద మొదటి షాపులో కొనొద్దు, రెండు మూడు చోట్ల ఒక్కో పలుకు నమిలి చూడండి. గుండు (పూర్తి పలుకు) కావాలా బద్ద (విడిపోయిన సగం) కావాలా అని అడుగుతారు. పాయసానికి గుండు అందంగా ఉంటుంది, కూరకు బద్ద చాలు, డబ్బు మిగులుతుంది. మెత్తగా వంగే పప్పు తేమ పట్టింది, వదిలేయండి. పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లు గమనించండి. జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఆ నలుపు ఎన్నిసార్లు కడిగినా పోదు.

పలాస నుంచి అవతల ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలు ఎడతెగకుండా ఉంటాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటిన రాత్రి ఈ తోటలు పడిపోయాయి. వారం తర్వాత బాకీల కోసం కాదు, మనుషుల కోసం వెళ్లాను. కొబ్బరిచెట్లు అన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకుని ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏడేళ్ల దాకా పడుతుంది, జీడికి మూడు నాలుగేళ్లు. ఇప్పుడు మీకు పచ్చగా కనిపించే వాటిలో చాలా వరకు ఆ తర్వాత నాటినవి. కిడ్నీ జబ్బుల సంగతి వినే ఉంటారు. తాగే నీళ్లు మీవి మీరు తెచ్చుకోండి, మనుషులను పట్టుకుని 'మీ ఇంట్లో కూడా ఉందా' అని మాత్రం అడగకండి.

వజ్రపుకొత్తూరు మండలంలోనే నువ్వలరేవు అని ఒక పేట ఉంది. అక్కడ రెండు మూడేళ్లకోసారి ఊళ్లోని పెళ్లిళ్లన్నీ ఒకేసారి జరుగుతాయి, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరూ ఊరివాళ్లే. ఒక ఏడాది ఆ సమయానికి వల తీసుకుని వెళ్లి, ఏ ఇంట్లో భోంచేసినా పక్కింటివాళ్లకు కోపం వస్తుందని మూడు విస్తళ్లలో తిన్నాను. దానికోసం వెళ్లమని చెప్పడం లేదు. పిలుపు ఉంటే వెళ్లాలి.

నాలుగో రోజు తెల్లవారకముందే బారువ. ఇక్కడ సూర్యోదయం చూసి వెంటనే వెనక్కి తిరిగి చూడండి. ఆకాశం తేటగా ఉంటే కొబ్బరిచెట్ల పైన పడమట మహేంద్రగిరి కనిపిస్తుంది, మొదటి ఎండ దాని మీద పడుతుంది. ఆ కొండలో పుట్టిన ఏరు మహేంద్రతనయ, అంటే మహేంద్రుడి కూతురు, ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. కూతురి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే చోట నిలబడి చూడగలిగే తావు మా జిల్లాలో ఇదొక్కటే. ఇది కూడా ఒకప్పటి రేవే. 1917లో మునిగిన చిల్కా అనే ఓడ శిథిలాలు ఇప్పటికీ నీళ్ల అడుగున ఉన్నాయి, స్కూబా వాళ్లు దిగుతుంటారు. వల ఓడకు చిక్కుకుని చిరిగిందని నా దగ్గరికి ఎంతమంది వచ్చేవారో. చిల్కా వల్ల నాకు వ్యాపారం బాగానే జరిగింది.

తిరుగు దారిలో మందసలో ఆగి వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా కొనండి. ఆ పూట తినేంతే కొనండి, ఎక్కువ నిలవ ఉండదు. సోంపేట బీల (చిత్తడి నేల), కవిటి కొబ్బరి తోటలు, డొంకూరు దగ్గర బాహుదా మొగ, తేలుకుంచి నత్తగొట్టు కొంగలు... ఇవన్నీ మిగిలిపోతాయి. కొంగల కోసమైతే వానాకాలంలో రావాలి.

మరుగుదొడ్ల గురించి అడగలేదు గానీ అమ్మగారు ఉన్నారు కాబట్టి చెబుతున్నా: బీచ్‌ల దగ్గర నమ్ముకోవద్దు, హైవే మీద పెట్రోలు బంకులోనే పని చూసుకుని దిగండి. చేపల కూర తినాలంటే హోటల్ కంటే ముందు రోజు చెప్పి వండించుకునే చిన్న మెస్సులు నయం, పొద్దున ఒడ్డున కొన్న చేప ఇచ్చినా వండిపెడతారు. ఒకసారి ఒక పెద్ద రిసార్టులో వంజరం అని చెప్పి వేరే చేప పెట్టారు, నాకే. నేనేం అనలేదు, బిల్లు మాత్రం వంజరానికే కట్టాను.

ఇక దారి. పేటల దగ్గర ఫోన్ మ్యాపు చాలాసార్లు ఉప్పుటేరు గట్టు మీదికి తీసుకెళ్లి ఆపేస్తుంది. కారు ఆపి మనిషిని అడగండి. 'బీచ్ ఎటు' అంటే ఫోటోలు దిగే చోటికి పంపిస్తారు. 'రేవు ఎటు బాబూ' అని అడగండి, పడవలున్న చోటికి పంపిస్తారు.